పుచ్చుకునే చెయ్యి

క్రిస్మస్ అంటే ఇచ్చే పండగ అంటారు అందరూ. బట్టల దుకాణాలవాళ్ళు మరీ గట్టిగా అంటారు, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. గుళ్ళో పాస్టరుగార్లు కూడా ఆ మాటే అంటారు. దేవుడు తన కుమారుణ్ణి లోకానికిచ్చాడు కనుక మనమూ ఇవ్వటం నేర్చుకోవాలని. కాదనటానికి నేనెవర్ని? కాని డెబ్బై క్రిస్మస్‌లు చూశాక నాకు మాత్రం ఇది పుచ్చుకునే పండగ అనిపిస్తోంది. ఇవ్వటానికేముందండీ, చేతిలో ఉంటే ఎవరైనా ఇస్తారు. పుచ్చుకోవటమే కష్టం. నమ్మకం కుదరకపోతే ఒక్క క్షణం ఆలోచించండి. ఇంట్లో పనిచేసే మనిషికి పండగనాడు చీర పెట్టటం తేలికా, ఆవిడ తన ఇంట్లో వండి తెచ్చిన పులిహోర ఆవిడ ఎదురుగా కూర్చుని తినటం తేలికా? జవాబు నాకు చెప్పక్కర్లేదు.

మాది చీరాల పక్కన ఊరు. మా చిన్నప్పుడు, అంటే 1960లలో, అది గుంటూరు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లాలో కలిపారు. 2022 నుంచి బాపట్ల జిల్లా అంటున్నారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. నాన్న మిషన్ స్కూల్లో తెలుగు మాస్టారు. డిసెంబరు మొదటి వారంలో గోడలకి సున్నం వేయించటంతో మా ఇంట్లో పండగ మొదలయ్యేది. అన్నయ్య వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టేవాడు. అమ్మ మైదాపిండి ఉడికించి జిగురు చేసి ఇచ్చేది. అందులో చిటికెడు మైలతుత్తం కలపాలి, లేకపోతే పండగలోపలే బొద్దింకలు నక్షత్రాన్ని భోంచేసేస్తాయి. రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి, వేపచెట్టు కొమ్మకి వేలాడదీసి, స్విచ్చి వేసేదాకా వీధిలో పిల్లలెవరూ ఇళ్ళకి పోయేవాళ్ళు కాదు. అందులో క్రైస్తవుల పిల్లలెందరో మిగతావాళ్ళెందరో ఎవరూ లెక్కపెట్టలేదు. పిల్లలు లెక్కలు పెట్టరు, ఆ లెక్కలన్నీ పెద్దవాళ్ళవి.

క్రిస్మస్ చెట్టు అంటే మాకు సరుగుడు కొమ్మే. సముద్రపు ఒడ్డున తోటలున్నాయి కదా, పావలా ఇస్తే నిలువెత్తు కొమ్మ ఇచ్చేవారు. ఇసుక బాల్చీలో పాతి, ఆకులమీద దూది పింజలు అతికించేవాళ్ళం. అదేమిటంటే మంచుట! మేమెరిగిన మంచల్లా తెల్లవారుజామున గడ్డిమీద మెరిసే నాలుగు నీటి బొట్లే. అయినా దూది లేకపోతే పండగ కాదు. చెట్టు కింద పశువుల పాక. కాలవగట్టు మట్టితో గోడలు, తాటాకుతో కప్పు. బొమ్మలకి అన్నీ కొండపల్లివే గతి. తాడిచెట్టెక్కే గీతకార్మికుడి బొమ్మని చెట్టునుంచి ఊడదీసి యోసేపుని చేశాం. తూర్పు జ్ఞానులకి ఒంటె ఎక్కడ దొరుకుతుంది? అంబారీ ఏనుగుమీద వచ్చారు మా జ్ఞానులు. వాళ్ళు ముగ్గురని బైబిల్లో ఎక్కడా లేదు, కానుకలు మూడు కాబట్టి లోకం ముగ్గుర్ని చేసింది. మేము ఏనుగుమీద పట్టినంతమందిని ఎక్కించాం. ఈ బొమ్మల పాక పెట్టే ఆచారానికి ఇటలీలో అస్సీసీ ఫ్రాన్సిస్ మహనీయుడు ఆద్యుడంటారు. ఆయన 1223లో గ్రెచ్చో అనే పల్లెలో బొమ్మలు కూడా పెట్టలేదుట, నిజం ఎద్దుని, నిజం గాడిదని తెచ్చి నిలబెట్టి, గడ్డి పరిచాడు. ఆ ఊరి రైతులకి అది చూశాక పండగ అర్థమై ఉంటుంది. గడ్డివాసన తెలిసినవాళ్ళు కదా.

పండగ ముందు రాత్రుల్లో పాటలవాళ్ళు వచ్చేవారు. పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని ఒకడు, హార్మోనియం మెడకి తగిలించుకుని ఒకడు, డోలకు, తాళాలు. ఎక్కువగా పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలే. నిద్రకళ్ళతో తలుపు తీసి నిలబడేవాళ్ళం. ఆ చలిలో, ఆ వెలుతురులో, రోజూ చూసే మనుషులే ఏదో దూరదేశం నుంచి వచ్చినవాళ్ళలా కనపడేవారు. ఇరవైనాలుగు రాత్రి నిద్రే లేదు. తెల్లవారుజామున గుడి. కొత్త పరికిణీ గంజి వాసన. చాపలమీద ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క. ప్రసంగం సగంలో నిద్ర. అదంతా మీరు ఎన్నోసార్లు చదివే ఉంటారు, ఎవరి పండగ చూసినా ఇలాగే ఉంటుంది.

అసలు సంగతి గుడినుంచి ఇంటికొచ్చాక. అమ్మ పళ్ళేలు సర్దేది. అరిసెలు, గులాబీపూలు, జంతికలు, రవ్వలడ్లు, ఒక కేకు ముక్క. పైన అమ్మ చేత్తో అల్లిన లేసు గుడ్డ. మోసేపని నాది, చెల్లెలిది. అయితే పళ్ళేలన్నీ ఒకటి కావు. గోడకవతల నాలుగిళ్ళకి వేరే పళ్ళేలు: అరటిపళ్ళు, కమలాలు, పటికబెల్లం, తమలపాకులు. వండినది ఏదీ ఉండదు. ఎందుకమ్మా అంటే, 'వాళ్ళు మన వంట తినరు' అనేది అమ్మ. ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పేది. దీపావళికి, సంక్రాంతికి ఆ నాలుగిళ్ళనుంచి మాకు బొబ్బట్లు, బూరెలు, చక్రపొంగలి వచ్చేవి. మేం తినేవాళ్ళం, లొట్టలేసుకుని తినేవాళ్ళం. మా వంట మాత్రం గోడ దాటదు. నీళ్ళు పల్లమెరుగు అంటారే, తిండి కూడా అలాగే ఒకే వైపుకి పారుతుందని ఎనిమిదేళ్ళకే మాకు తెలిసిపోయింది.

మా ఇంట్లో ఇంకో నియమం ఉండేది. పొరుగింటి గిన్నెని ఖాళీగా తిరిగి పంపకూడదు. అది మీ ఇళ్ళలోనూ ఉంటుంది. చిటికెడు పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి ఇస్తాం. మా నాయనమ్మ దగ్గర అది నియమం కాదు, వ్రతం. ఎవరి ఋణమూ ఒక పూటకి మించి ఉంచుకునేది కాదు. దానికి కారణం ఉంది.

నాయనమ్మది ఒంగోలు దిక్కు. మా పూర్వీకులు చెప్పులు కుట్టినవాళ్ళు. ధాత కరువు, అంటే 1876 నుంచి 1878 దాకా వచ్చిన ఆ మహా కరువులో నాయనమ్మ తల్లి బకింగ్‌హాం కాలవ పనిలో మట్టి తట్టలు మోసిందట. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకి తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. కరువు నడుస్తున్నన్నాళ్ళూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండికోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు పని ముగిశాకే ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇంత జాగ్రత్త పడినా మాట రాకుండా ఉందా? గంజికోసం కలిశారు అన్నారు. నాయనమ్మ ఆ మాట తన చిన్నతనమంతా వింది. 'కూడు పెట్టి కొన్నారంటారు. ఏనాడూ కూడు పెట్టనోళ్ళు అనే మాటే అది' అనేది. పైగా తట్టలు మోసి కూలి తీసుకున్నవాళ్ళు పుచ్చుకున్నవాళ్ళెలా అవుతారు? ఆ న్యాయం ఎవరు వింటారు. పేదవాడి చేతిలో మెతుకు కనపడితే ఎవరిచ్చారని అడగటం లోకం అలవాటు. డబ్బున్నవాణ్ణి ఎవరూ అడగరు.

అందుకని నాయనమ్మ పుచ్చుకోవటమంటే మండిపడేది. అప్పట్లో మిషన్‌కి అమెరికా నుంచి పాత బట్టల మూటలు వచ్చేవి. ఒక ఏడు పండగముందు మాకొక ఉన్ని కోటు వచ్చింది. మోకాళ్ళ కిందిదాకా, నాలుగు వేళ్ళ మందం. చీరాల ఎండలో ఉన్ని కోటు! పంపిన మహాతల్లి ఎవరో మంచి మనసుతోనే పంపి ఉంటుంది, పాపం. కాని ఇచ్చే మనిషికి పుచ్చుకునే మనిషి ఊరు తెలియలేదు. నాయనమ్మ దాన్ని ముట్టలేదు. చివరికి ఆ కోటు క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరికి వేషమైంది. అన్నయ్య అందులో చెమటలు కక్కుతూ దేవదూతని చూసి భయపడ్డాడు. చాలా సహజంగా నటించాడని అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు కథలోకి వద్దాం. ఏసుప్రభువు పుట్టుక నాలుగు సువార్తల్లో రెండింటిలోనే ఉంది, మత్తయిలో, లూకాలో. జ్ఞానులు మత్తయిలో, గొర్రెల కాపరులు లూకాలో. తేదీ ఎవరూ రాయలేదు. డిసెంబరు 25న రోములో ఈ పండగ చేసుకున్నట్టు 336వ సంవత్సరం నాటి దాఖలా ఉంది, అంతకుముందు సంగతి తేదీలతో నిమిత్తం లేదు. ఆర్మేనియావాళ్ళు జనవరి 6నే చేసుకుంటారు. తేదీ ఏదైతేనేం, నన్ను ఆపేసే సంగతి వేరు. సర్వశక్తిమంతుడు లోకానికి రాదలిస్తే ముప్ఫై ఏళ్ళ మనిషిగా దిగి రావచ్చుగా? ఆదాము అలాగే వచ్చాడు, బాల్యం లేకుండా. ఈయన మాత్రం పసిబిడ్డగా వచ్చాడు. పసిబిడ్డ అంటే ఏమిటో మగవాళ్ళకి ప్రసంగాల్లో తెలుస్తుంది, మనకి చేతులకి తెలుస్తుంది. మెడ నిలబడదు. పాలు పట్టాలి, తేనుపు తెప్పించాలి, గుడ్డలు మార్చాలి. తనకై తాను ఈగని తోలుకోలేడు. ఇచ్చేందుకు వచ్చాడంటున్న దేవుడు మొదటి రెండేళ్ళూ పుచ్చుకోవటం తప్ప ఏమీ చెయ్యలేదు. మరియమ్మ దగ్గర పాలు, యోసేపు దగ్గర నీడ, పశువుల దగ్గర తొట్టి.

మన తెలుగు బైబిల్లో పొత్తిగుడ్డలు అని ఉంటుంది. ఎంత మంచి మాట! పాత చీరలు చింపి మెత్తగా ఉతికి పెట్టుకుంటామే, అవి. మంత్రసాని మాట లూకా ఎత్తలేదు, బిడ్డని చుట్టి పడుకోబెట్టింది తల్లేనంటాడు. సత్రంలో చోటు లేదనే చదువుకున్నాం మేము. నాటకంలో సత్రం యజమాని వేషం వేసినవాణ్ణి పండగయ్యాక కూడా పిల్లలు ఏడిపించేవారు. కాని గ్రీకులో లూకా వాడిన మాటకి అతిథుల గది అనే అర్థం కూడా ఉందట. డబ్బిచ్చి దిగే సత్రానికి ఆయనే మంచి సమరయుని కథలో వేరే మాట వాడాడు. ఆ రోజుల్లో ఆ దేశపు పల్లె ఇళ్ళలో రాత్రిపూట పశువుల్ని ఇంట్లోనే ఒక పక్కగా కట్టేసేవారనీ, బయటి గది నిండిపోతే లోపలే చోటిచ్చి ఉంటారనీ కొందరు పండితులంటారు. నాకీ అర్థమే బాగుంటుంది. అదే నిజమైతే ఆ ఇంటికొక ఇల్లాలు ఉండి ఉండాలి. నెలలు నిండిన పిల్లని చూసి, ఎద్దుని అవతలకి తోలి, తొట్టిలో కొత్త గడ్డి పరిచి ఉండాలి. మరియమ్మ వద్దు, మేం ఉండలేం అనలేదు. ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంట్లో, కావలసినవాళ్ళెవరూ దగ్గర లేకుండా, ఉన్నదే పుచ్చుకుంది.

జ్ఞానులు తెచ్చిన కానుకలు బంగారం, సాంబ్రాణి, బోళం. బంగారం రాజుకి, సాంబ్రాణి దేవుడికి, బోళం మరణానికి గుర్తులని వేదాంతులు చెబుతారు. అదీ సరే. కాని నాయనమ్మ వ్యాఖ్యానం వేరు. 'బిడ్డ తల ఆరబెట్టను సాంబ్రాణి కావాల, బాలింతకి బోళం కావాల. ఆ పెద్దమనుషుల ఇంట్లో ఆడోళ్ళు చెప్పి పంపించి ఉంటారు' అనేది. బాలింత బోళం అని మన ఇళ్ళలో పేరే ఉందిగా. బంగారం సంగతి అడిగితే, 'దారి ఖర్చు' అనేది. తర్వాత వాళ్ళు ఐగుప్తుకి పారిపోవలసి వచ్చింది కదా మరి! ఆ తల్లిదండ్రులు ఎంత లేనివాళ్ళో లూకా చెప్పకనే చెప్పాడు. శుద్ధి దినాలయ్యాక దేవాలయానికి గువ్వల జతో, పావురపు పిల్లలో తీసుకెళ్ళారట. గొర్రెపిల్లని కొనలేనివాళ్ళకి ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది.

పెద్దయ్యాక మాత్రం ఆయన పుచ్చుకోవటం మానేశాడా? జాలరివాడి పడవ అడిగి ఎక్కాడు. జక్కయ్య అనే పన్నుల అధికారి ఇంటికి తనే పిలుచుకుని మరీ వెళ్ళాడు భోజనానికి. యోహన్న, సూసన్న, మగ్దలేనే మరియ మొదలైన ఆడవాళ్ళు తమ సొమ్ముతో ఆయనకీ శిష్యులకీ జరిపించారని లూకా రాశాడు. ఈ సంగతి మన గుళ్ళలో ఎంత తక్కువగా చదువుతారో! ఆఖరికి పడుకున్న సమాధి కూడా అరిమతయి యోసేపుది. తొట్టి ఎవరిదో, సమాధి ఎవరిదో, మధ్యలో ముప్ఫై మూడేళ్ళూ సొంతానికంటూ ఏమీ లేదు.

అన్నిటికన్నా నాకిష్టమైనది సమరయ స్త్రీ కథ. మిట్టమధ్యాహ్నం బావి దగ్గర కూర్చుని, వచ్చిన ఆవిణ్ణి మంచినీళ్ళడిగాడు. ఆవిడ ఆశ్చర్యపోయింది. యూదులు సమరయుల గిన్నె ముట్టరు. మడిబావులు, చెంబు ఎత్తి పైనుంచి పొయ్యటాలు చూసిన దేశంలో పుట్టినవాళ్ళం, ఆ ఆశ్చర్యం మనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన ఆవిడకి ఉపదేశం తర్వాత చేశాడు. ముందు దాహమడిగాడు. ఇవ్వదగినదానివి నువ్వు అని ఆవిడతో అంతవరకూ ఎవరూ అనలేదేమో.

ఇది చదివినప్పుడల్లా నాకొక సాయంత్రం గుర్తొస్తుంది. నాకు పదేళ్ళు. గోడకవతల నాలుగిళ్ళలో ఒకదానికి కొత్తగా కాపరానికొచ్చిన కోడలు, ఇరవై ఏళ్ళుంటాయేమో, పెరటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. పిల్లి పెరుగుగిన్నె దొర్లించేసిందట. అత్తగారు ఊళ్ళో లేదు, రాత్రికి వచ్చేస్తుంది. పాలు కాచి పెట్టుకుంది గాని తోడు లేదు. 'అక్కయ్యగారూ, కాస్త తోడు పెడతారా?' అంది. అమ్మ రెండు క్షణాలు కదల్లేదు. తర్వాత లోపలికెళ్ళి, వెండి గిన్నె తీసి, తోమిందే మళ్ళీ తోమి, పెరుగు మీగడతో సహా వేసి తెచ్చింది. తోడుకి మీగడ ఎవరైనా వేస్తారా! ఆ పిల్ల గిన్నె అందుకుని, చేతులు కూడా తగిలాయి, వెళ్ళిపోయింది. అమ్మ ఆ రాత్రి నాన్నతో, 'ఇవాళ మనకి పెద్ద కానుక వచ్చింది' అంది. ఏమొచ్చింది, గిన్నె మనదే పోయిందిగా అన్నాడు అన్నయ్య. తోడు సంగతి మీకు తెలుసు. ఇవాళ్టి పెరుగులోంచి రేపటి పెరుగు, రేపటి దానిలోంచి ఎల్లుండిది. అరిసె రానివ్వని ఆ ఇంట్లో మా అమ్మ పెరుగు ఎన్నాళ్ళు తోడుకుంటూ ఉందో అత్తగారికి తెలియనే తెలియదు. మరుసటి క్రిస్మస్‌కి ఆ ఇంటి పళ్ళెంలో అమ్మ పళ్ళ పక్కన రెండు అరిసెలు పెట్టింది. అవి తిన్నారో పనివాళ్ళకిచ్చారో మేం అడగలేదు. పళ్ళెం మాత్రం బియ్యం పోసి తిరిగొచ్చింది.

నాన్నకి ఈ సంగతి ఎత్తితే బలిచక్రవర్తి గుర్తొచ్చేవాడు. తెలుగు మాస్టారు కదా, క్లాసులో పోతనగారి వామన చరిత్ర చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. శుక్రాచార్యుడు వద్దు వద్దంటున్నా బలి దానానికి సిద్ధపడిందెందుకు? అంతటి శ్రీహరి చెయ్యి కింద, తన చెయ్యి పైన! అంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు. దేవుడు కూడా పుచ్చుకోవాలంటే పొట్టివాడు కావలసి వచ్చింది చూశారా అనేవారు నాన్న. క్రైస్తవ మాస్టారు భాగవతం చెబుతుంటే స్కూలు అరుగుమీద ఊరివాళ్ళు కూడా కూర్చుని వినేవారు. రెండు కథల్నీ పోల్చి హెచ్చుతగ్గులు చెప్పటం నాకు చేతకాదు, అవసరమూ లేదు. చెయ్యి చాచిన దేవుడు ఈ నేలకి కొత్త కాదని మాత్రం సంతోషం.

మా మరిది ఒకసారి పట్టుకున్నాడు నన్ను. 'వదినా, పుచ్చుకోవటం కన్నా ఇవ్వటమే మేలని ప్రభువు అన్నట్టు పౌలు చెప్పాడుగా, నువ్వేమిటి తిరగేస్తావు?' అని. మేలే నాయనా. కాని అందరూ ఆ మేలుకే ఎగబడితే పుచ్చుకునేవాళ్ళెవరు? ఇచ్చిన చెయ్యికి ఎదురుగా ఇంకో చెయ్యి ఉండాలిగా. మనకి లేనివాళ్ళు కావాలి, మన పుణ్యం ఒలకబోసుకోవటానికి. ఇప్పుడు మా గుళ్ళోనూ దుప్పట్లు పంచుతారు క్రిస్మస్ ముందు. మంచి పనే, చలికి దుప్పటి కావాలి. బానరు కడతారు, ముసలమ్మని వరసలో నిలబెడతారు, దుప్పటి సగం ఆవిడ చేతిలో సగం దాతగారి చేతిలో ఉండగా ఫోనులో ఫొటో తీస్తారు. సరిగ్గా రాకపోతే మళ్ళీ ఇంకోసారి. ఆ ముసలమ్మ కూడా వాళ్ళ ఇంట్లో పండగరోజు ఏదో వండుకుంటుంది. దాతగారి కారు ఆ గుమ్మం ముందు ఆగి, ఆయన దిగి, ఆ చాపమీద కూర్చుని ఒక గ్లాసు టీ తాగితే నేను వెళ్ళి ఫొటో తీస్తాను, నాకు చేతకాకపోయినా.

పుచ్చుకోవటం అన్నాను కదా అని మగపెళ్ళివారు సంతోషపడిపోకండి. కట్నం పుచ్చుకోవటం నేను చెప్పే కోవలోది కాదు. 1961లో చట్టం తప్పన్నది, అయినా నడుస్తూనే ఉంది. పీట ఎక్కి కూర్చుని ఇంత తెమ్మనటం పుచ్చుకోవటం కాదు, గుంజుకోవటం. లంచమూ అంతే. ఎదుటి మనిషికి లేదనే వీలు లేనప్పుడు అది ఇవ్వటమూ కాదు, ఇది పుచ్చుకోవటమూ కాదు. పసిబిడ్డ ఏడవగలడేగాని అధికారం చెయ్యలేడు. పశువుల తొట్టికీ పెళ్ళిపీటకీ ఉన్న తేడా అదే.

మనం ఆడవాళ్ళం ఇంకో రకం చిక్కులో ఉంటాం. ఇవ్వటం మనకి చిన్నప్పుడే నేర్పుతారు, ఎంత బాగా నేర్పుతారంటే పుచ్చుకోవటం మర్చిపోతాం. ఒంట్లో బాగాలేదని పడుకుంటే ఇంట్లో ఎవరైనా కాఫీ కలిపి తెస్తే, 'నీకెందుకమ్మా శ్రమ, నేను లేస్తున్నాగా' అంటాం. కోడలు నడ్డి రాస్తానంటే వద్దంటాం. ఇందులో ప్రేమ ఎంతో, పై చెయ్యి వదులుకోలేకపోవటం ఎంతో, ఎవరి మనసు వాళ్ళే చూసుకోవాలి. మా అమ్మ అలాంటిదే. నాయనమ్మ రోషం, తన ప్రేమ రెండూ కలిసి, జీవితమంతా ఎవరికో ఒకరికి పెడుతూనే ఉంది. 2003లో పక్షవాతం వచ్చి నా దగ్గరికి వచ్చేసింది. కుడిచెయ్యి పడిపోయింది. చూసుకోవటానికి ఒకావిడని పెట్టుకున్నాం, మా వీధి చివర ఉండే ముస్లిం ఆవిడ, నా వయసుదే. మొదటి నెల నరకం. స్నానం చేయించిన ప్రతిసారీ ఎడమచేత్తో తలగడ కింద వెతికి ఐదో పదో ఆవిడ చేతిలో పెట్టేది అమ్మ. జీతం ఇస్తున్నామే అంటే వినదు. ఆవిడ తీసుకోకపోతే అన్నం తినదు. ఆవిడ ఆ డబ్బంతా ఒక డబ్బాలో వేసి, నెలాఖరుకి నాకు తెచ్చి ఇచ్చేది. అదే చిల్లర మళ్ళీ నేను తలగడ కింద పెట్టేదాన్ని. ఇద్దరి పంతం మధ్య నేను బ్యాంకునయ్యాను.

ఆ డిసెంబరు ఇరవై ఐదున అమ్మని గుడికి తీసుకెళ్ళే వీలు లేకపోయింది. ఆవిడ పొద్దున్నే వచ్చింది, సెలవు తీసుకోమన్నా వచ్చింది. వేణ్ణీళ్ళు పోసి, తల తుడిచి, కుంపట్లో నిప్పులమీద సాంబ్రాణి వేసి, అమ్మ జుట్టు బుట్టమీద పరిచి ఆరబెట్టింది. బాలింతలకీ పసిపిల్లలకీ చేస్తామే, అలాగే. పొగలో అమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది. నేను ఎడమచేతి వంక చూస్తున్నాను, ఎప్పుడు తలగడ కిందకి వెళుతుందా అని. వెళ్ళలేదు. చాలాసేపు అలాగే పడుకుని, చివరికి ఆవిడ చెయ్యి పట్టుకుని, 'బాగుందమ్మా' అంది. అంతే.

ఆ ఏడు మా ఇంట్లో ఏమీ వండలేదు. ఎవరికీ పళ్ళేలు పంపలేదు. మధ్యాహ్నం నుంచి ఇరుగుపొరుగువాళ్ళే తేవటం మొదలుపెట్టారు. పులిహోర, సేమ్యా పాయసం, ఎవరో గారెలు, ఆవిడ ఇంటినుంచి బిర్యానీ. సాయంత్రానికి పదకొండు గిన్నెలయ్యాయి. కడిగి బల్లమీద బోర్లించి, పంచదార డబ్బా తీశాను, గిన్నెకో గుప్పెడు వేద్దామని. మంచంమీంచి చూస్తోంది అమ్మ. 'ఉండనీవే, ఖాళీగానే ఇచ్చేసిరా' అంది.